ముందు ఆవు, తరువాతే జబ్బు
(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నాతో కలిసి ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన మిత్రులకు, వెనక వరసల్లో సర్దుకుని కూర్చున్న మొదటి సంవత్సరం పిల్లలకు నమస్కారం. పిల్లల్ని విడిగా పలకరించడానికి కారణం ఉంది. ఈ పూట నేను మాట్లాడేది ముఖ్యంగా వాళ్లతోనే. ముందు వరసల వాళ్లకు తెలియనిది నా దగ్గర పెద్దగా ఏమీ లేదు.

ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయనను మేమెవరం పేరు పెట్టి పిలిచినవాళ్లం కాదు. మాకు ఆయన మాస్టారు. తరువాత ఆయన ఆచార్యులయ్యారు, శాఖాధిపతి అయ్యారు, పదవీ విరమణ చేశారు. అయినా మాకు మాస్టారుగానే ఉండిపోయారు. ఈ పూట కూడా అలాగే అంటాను.

నేను కళాశాలలో చేరిన మొదటి వారం సంగతి. మాస్టారు మమ్మల్ని తరగతి గదిలో కూర్చోబెట్టలేదు. తెల్లవారుతూనే కొట్టం దగ్గరకు రమ్మని, ఇద్దరికొక ఆవు చొప్పున అప్పగించి, చేతికి నలభై పేజీల నోటు పుస్తకం ఇచ్చారు. “ఇప్పుడు ఆరు గంటలు. రేపు పొద్దున ఆరింటి దాకా ఈ ఆవు ఏం చేస్తే అది రాయండి. ఏమీ చేయకపోతే ‘ఏమీ చేయలేదు’ అని రాయండి” అన్నారు.

మేము నవ్వుకున్నాం. డాక్టర్లం అవుదామని వస్తే ఈయన పాలేరు పని చెప్తున్నాడేమిటని గొణుక్కున్నాం. మధ్యాహ్నానికి ఆ నవ్వు పోయింది. ఆవు మేసింది, నీళ్లు తాగింది, పడుకుంది. పడుకున్న కాసేపటికి మెడలో కింది నుంచి పైకి ఒక ముద్ద పాకడం కనిపించింది. దవడ ఆడడం మొదలైంది. నా జతగాడు లెక్కపెట్టాడు. యాభై రెండుసార్లు నమిలింది. మింగింది. మూడు నాలుగు సెకన్లు ఆగింది. మళ్లీ ముద్ద పైకొచ్చింది. ఈసారి నలభై ఎనిమిది. రాత్రి రెండు గంటలప్పుడు లాంతరు వెలుగులో మేమిద్దరం కునికిపాట్లు పడుతుంటే ఆవు మాత్రం మెలకువగా తన పని తాను చేసుకుంటూ ఉంది.

మర్నాడు మాస్టారు వరసగా అడిగారు. ఎన్ని గంటలు మేసింది, ఎన్ని గంటలు నెమరు వేసింది, పేడ ఎన్నిసార్లు వేసింది, జారుగా ఉందా, గట్టిగా ఉందా? మా పుస్తకంలో మేత అయిదు గంటల చిల్లర, నెమరు ఏడున్నర గంటలు, పేడ పన్నెండుసార్లు. ఆయన పుస్తకం మూసి మా చేతికిచ్చి, “ఇది ఆరోగ్యం. దీన్ని గుర్తుపెట్టుకోండి. జబ్బంటే దీనికి వచ్చిన తేడాయే. ఇది తెలియనివాడికి అది కనిపించదు” అన్నారు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఆ ఒక్క మాటే. మిగతా ఉపన్యాసమంతా దానికి సాక్ష్యం.

అమెరికా నుంచి వచ్చిన ఫోను

ఈ మాట మళ్లీ గుర్తుకు రావడానికి మా తమ్ముడి మనవరాలు కారణం. ఆ పిల్ల పుట్టింది, పెరిగింది అమెరికాలో. రెండేళ్ల కిందట ఫోన్ చేసి, “పెద్దతాతయ్యా, నేను వెటర్నరీ డాక్టర్ అవుతా. అందుకే డిగ్రీలో యానిమల్ సైన్స్ తీసుకున్నా” అంది. వెంటనే వాళ్ల నాన్న ఫోన్ అందుకున్నాడు. “పెదనాన్నా, మన దగ్గర ఇంటర్ కాగానే నేరుగా వెటర్నరీలో చేరతారు కదా. ఇక్కడ నాలుగేళ్లు ఆవుల గురించి, పందుల గురించి చదివి, ఆ తరువాత మళ్లీ నాలుగేళ్లు వెటర్నరీ అట. ఆ మొదటి నాలుగేళ్లు దండగ కాదూ?” అని వాడి బాధ.

వాడి బాధలో న్యాయం ఉంది. అక్కడి పద్ధతి కాస్త వివరంగా చెప్తాను. అమెరికాలో పశువైద్య పట్టాను డీవీఎం అంటారు. అది నాలుగేళ్ల చదువు. దానికి ముందు కాలేజీ చదువు ఉండాలి. కొన్ని చోట్ల కావలసిన కోర్సులు పూర్తయితే డిగ్రీ చేతికి రాకముందే చేర్చుకుంటారు. ఎక్కువమంది నాలుగేళ్ల డిగ్రీ ముగించుకునే వస్తారు. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, కర్బన రసాయనం, జీవరసాయనం, భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం సాధారణంగా అడుగుతారు. చాలాచోట్ల జన్యుశాస్త్రం, కొన్నిచోట్ల పశుపోషణ కూడా అడుగుతారు. ఇవన్నీ ఉంటే డిగ్రీ దేనిలో చేశారన్న పట్టింపు లేదు. సంగీతం ప్రధానాంశంగా చదివిన పిల్ల కూడా ఈ కోర్సులు పూర్తి చేసి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మరి యానిమల్ సైన్స్ ఎందుకు? అందులో ఆ కోర్సులు ఎలాగూ వస్తాయి. వాటితోపాటు జంతువు కూడా వస్తుంది. మొదటి ఏడాదే పాడి ఆవులు, మాంసపు పశువులు, పందులు, గొర్రెలు, కోళ్లు, గుర్రాలు ఒక్కొక్కటీ పరిచయం చేస్తారు. తరువాత పోషణ, ప్రజననం, సంతానోత్పత్తి, పాల ఉత్పత్తి, మాంసశాస్త్రం. విశ్వవిద్యాలయానికే ఫారాలు ఉంటాయి. గొర్రెలు ఈనే కాలంలో విద్యార్థులు వంతులవారీగా రాత్రి కాపలా ఉంటారు. కుక్కపిల్లల మీద ప్రేమతో చేరిన పిల్లలు పందుల కొట్టంలో, మాంసం కోసే ప్రయోగశాలలో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు తెల్లబోతారు. కొందరు అక్కడే దారి మార్చుకుంటారు. నాలుగేళ్ల వెటర్నరీ చదువు కోసం అప్పు చేశాక తెలుసుకోవడం కంటే అప్పుడే తెలుసుకోవడం వాళ్లకూ మంచిదే, పశువుకూ మంచిదే.

వెటర్నరీ కళాశాలల ఉమ్మడి దరఖాస్తులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. పశువైద్యుడి పర్యవేక్షణలో గడిపిన గంటలు ఒక లెక్క. పశువైద్యుడు లేకుండా జంతువులతో గడిపిన గంటలు ఇంకో లెక్క. పాలు పితకడం, దూడల్ని పెంచడం, గుర్రపుశాలలో పని చేయడం అన్నీ ఈ రెండో లెక్కలోకి వస్తాయి. ఆసుపత్రి అనుభవం వేరు, జంతువుతో సావాసం వేరు అని దరఖాస్తు కాగితం మీదే ఒప్పుకున్నారన్న మాట.

మా మనవరాలు పశువుల ఎంపిక పోటీలో పాల్గొంది. నాలుగు ఆవుల్ని వరసగా నిలబెడతారు. విద్యార్థి వాటి చుట్టూ తిరిగి, పొదుగు ఎలా అతుక్కుని ఉంది, కాళ్ల వంపు ఎలా ఉంది, నడుము తిన్నగా ఉందా, నడకలో తేడా ఉందా చూసి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని స్థానాలు ఇవ్వాలి. అంతటితో అయిపోదు. కాగితం చూడకుండా, న్యాయనిర్ణేత ఎదుట నిలబడి, రెండు నిమిషాల్లో కారణాలు చెప్పాలి. “మొదటి ఆవును రెండో ఆవు కంటే ముందు ఎందుకు పెట్టాను” అని చెప్పలేకపోతే సరైన వరస ఇచ్చినా మార్కులు పోతాయి.

అది విని నాకు మన సంతలు గుర్తొచ్చాయి. సంతలో దళారి ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. రెండు పళ్లా, నాలుగా, ఆరా, నోరు కలిసిందా అని చూసి వయసు చెప్తాడు. సుళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం కుదుర్చుకుంటాడు. ఒంగోలు జాతిని ఈ స్థితికి తెచ్చింది అలాంటి కళ్లే. బ్రెజిల్ దేశానికి వెళ్లి అక్కడి మాంసపు పశువులకు వెన్నెముకగా నిలిచిన ఆ జాతిని వాళ్లు నేటికీ మన నెల్లూరు పేరుతోనే పిలుచుకుంటారు. ఆ దళారికి ఉన్న చూపును అమెరికా వాళ్లు పాఠంగా మార్చి, మార్కులు పెట్టారు. మనం సంతలోనే వదిలేశాం.

పశువు చెప్పిన పాఠాలు

అమెరికాలో ఈ చదువు మూలాలు 1862 నాటివి. ఆ ఏడాది లింకన్ సంతకంతో మోరిల్ చట్టం వచ్చింది. ప్రభుత్వ భూములు రాష్ట్రాలకు ఇచ్చి, ఆ రాబడితో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కళాశాలలు పెట్టమన్నారు. అలాంటి కళాశాలల్లో ఒకటైన అయోవాలో 1879లో ఆ దేశపు మొదటి ప్రభుత్వ పశువైద్య కళాశాల మొదలైంది. కార్నెల్‌లో జేమ్స్ లా అనే స్కాట్లాండ్ పశువైద్యుడి దగ్గర చదువుకున్న డేనియల్ సామన్ 1876లో ఆ దేశపు తొలి డీవీఎం పట్టా పొందాడు. సాల్మొనెల్లా అన్న పేరు ఆయన పేరు మీద పెట్టిందే. పశుసంవర్ధనం, పశువైద్యం ఒకే పొలం గట్టు మీద పక్కపక్కన పెరిగాయి.

ఆ పెరుగుదలలోంచి రెండు కథలు చెప్తాను. మొదటిది టెక్సస్ జ్వరం. టెక్సస్ నుంచి మందల్ని ఉత్తరాదికి తోలుకుపోయేవారు. ఆ మందలు ఆరోగ్యంగానే ఉండేవి. అవి నడిచిపోయిన బీళ్లలో మేసిన ఉత్తరాది పశువులు మాత్రం ఎర్రటి మూత్రం పోసి చచ్చిపోయేవి. పశువుల కాపరులు పిడుదుల వల్లేనని చాలాకాలంగా అనేవారు. చదువుకున్నవాళ్లు నవ్వేవారు. సామన్ అధిపతిగా ఉన్న ప్రభుత్వ పశు పరిశోధన సంస్థలో థియొబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు ఆ మాటను కొట్టిపారేయకుండా పొలంలో పరీక్షించారు. పిడుదులు ఏరేసిన దక్షిణాది పశువుల్ని, పిడుదులతో ఉన్నవాటిని వేర్వేరు దొడ్లలో ఉత్తరాది పశువులతో కలిపి ఉంచారు. 1893లో ఫలితం ప్రకటించారు. కాపరులే నిజం. రక్తం తాగే పురుగు ద్వారా జబ్బు సోకుతుందని గట్టిగా రుజువు చేసిన తొలి పరిశోధనల్లో అదొకటి. మన ఊళ్లలో ఎర్రమూత్రం అని రైతు చెప్పే జబ్బుకు ఇది చుట్టమే.

రెండోది విస్కాన్సిన్ కథ. పాలలో వెన్న శాతం కొలిచే పరీక్షను 1890లో కనిపెట్టిన స్టీఫెన్ బాబ్‌కాక్ అక్కడి ఆచార్యుడు. ఆయనకు ఒక అనుమానం. మాంసకృత్తులు ఇంత, శక్తి ఇంత అని రసాయనశాస్త్రం లెక్క కట్టి సమానం అన్నంత మాత్రాన రెండు దాణాలు ఆవుకు సమానమేనా? 1907లో ఆయన సహచరులు పదహారు పడ్డల్ని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు మొక్కజొన్న పంట నుంచి వచ్చిందే మేత, దాణా. ఇంకొక గుంపుకు ఓట్స్, మరొకదానికి గోధుమ, నాలుగోదానికి మూడూ కలిపి. కాగితం మీద నాలుగూ సమానమే. కొట్టంలో కాలేదు. మొక్కజొన్న తిన్నవి నిగనిగలాడాయి, బలమైన దూడల్ని ఈనాయి. గోధుమ తిన్నవి గిడసబారాయి, చూపు పోగొట్టుకున్నాయి, వాటి దూడలు బతకలేదు. ఆ ప్రశ్నను పట్టుకుని అదే బృందంలోని మెకాలమ్ ఎలుకల మీద పరిశోధన మొదలుపెట్టాడు. 1913 నాటికి ఈనాడు మనం విటమిన్ ఎ అంటున్న పదార్థం జాడ దొరికింది. మనుషుల పోషకాహార శాస్త్రంలో ఒక పెద్ద అధ్యాయం పడ్డల కొట్టంలో మొదలైంది.

ఈ రెండు కథల్లోనూ మందు లేదు, సూది లేదు. పశువును ఓపిగ్గా చూడడం, దానితో బతికేవాడి మాట వినడం ఉన్నాయి. యానిమల్ సైన్స్ అంటే నాకు అర్థమైంది ఇదే.

మన పట్టాలో ఆ రెండక్షరాలు

మన దారి వేరు. మనది బ్రిటిష్ వాళ్ల నమూనా. ప్రపంచంలో మొదటి పశువైద్య పాఠశాలను 1761లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో క్లోద్ బూర్జెలా స్థాపించాడు. ఆయన గుర్రపుస్వారీ విద్యాలయాన్ని నడిపినవాడు. లండన్ కళాశాల 1791లో వచ్చింది. అక్కడిలాగే మనమూ బడి చదువు ముగియగానే నేరుగా వృత్తి చదువులో చేరుస్తాం. 1903లో మద్రాసులో కళాశాల వచ్చింది. 1936లో అది విశ్వవిద్యాలయ పట్టా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్ర ప్రాంతం పిల్లలు అక్కడికే వెళ్లి చదువుకున్నారు. 1955లో తిరుపతిలో మన కళాశాల వచ్చాక ఆ ప్రయాణం తగ్గింది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది.

మన పట్టా పేరు ఒకసారి నిదానంగా చదవండి. బీవీఎస్సీ అండ్ ఏహెచ్. ఆ చివరి రెండక్షరాలు పశుసంవర్ధనానివి. అమెరికా వాళ్లు నాలుగేళ్లు విడిగా చదివేదాన్ని మనం ఆ రెండక్షరాల్లో ఇమిడ్చాం. ఇప్పటి నిబంధనల ప్రకారం మొత్తం అయిదున్నరేళ్లు, అందులో ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ అయిదున్నరేళ్లలోనే పశు యాజమాన్యం, పోషణ, ప్రజననం, పశు ఉత్పత్తుల సాంకేతికం అన్నీ ఉన్నాయి. కాగితం మీద మన పద్ధతే మెరుగు. కాలం కలిసొస్తుంది, ఖర్చు తగ్గుతుంది, వైద్యం, పెంపకం ఒకే మనిషి చేతిలో ఉంటాయి.

చిక్కంతా ఆచరణలో ఉంది. నలభై ఏళ్లు పాఠాలు చెప్పినవాడిగా చెప్తున్నాను, తప్పయితే సరిదిద్దండి. మన పిల్లలు ఇంటర్ రెండేళ్లు హాస్టల్ గదిలో బిట్లు పెట్టుకుంటూ గడిపి ర్యాంకుతో వస్తారు. రైతు కోటాలో వచ్చిన పిల్లలు కొంత నయం. మిగతావాళ్లలో ఆవును ముట్టుకోనివాళ్లు బోలెడుమంది. వాళ్ల కళ్లన్నీ మూడో ఏడాది మీద, ఆపరేషన్ థియేటర్ మీద. మొదటి రెండేళ్ల సబ్జెక్టులు ‘పాసైతే చాలు’ అనే లెక్క. దాణా కూర్పు లెక్కలు పరీక్షకు ముందు రాత్రి బట్టీ పట్టి, మర్నాడు మధ్యాహ్నానికి మరిచిపోతారు. ఏహెచ్ అన్న అక్షరాలు పట్టా మీద ఉంటాయి, మనిషిలో ఉండవు. తప్పు పిల్లలది మాత్రమే కాదు. చెప్పే మేమూ కొట్టం వదిలి ప్రొజెక్టరు పట్టుకున్నాం.

నా తప్పు

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. ఒక ముసలమ్మ గేదె మేత మేయడం లేదని కబురు పంపితే వెళ్లాను. నెమరు లేదు, కళ్లు గుంటలు పడ్డాయి, ఎడమ డొక్క ఉబ్బి, నొక్కితే పిండిలా ఉంది. జ్వరం చూశాను, ఒక సూది వేశాను, ఆకలి మందు రాసిచ్చి వచ్చాను. మర్నాడు పొద్దున్నే మనవడు పరుగెత్తుకొచ్చాడు. గేదె పడిపోయింది. వెళ్లి చూస్తే లేవలేకపోతోంది. అప్పుడు అడిగాను, “అమ్మా, మొన్న ఏం పెట్టావు?” అని. “పక్కింట్లో పెండ్లి అయితే అన్నం మిగిలిండె సామీ. కుడితిలో కలిపి రెండు గంపలు పెడితిని. ఆశగా తినె” అంది.

పచ్చిగడ్డి, చొప్పకు అలవాటుపడిన కడుపులోకి ఒక్కసారిగా అంత అన్నం పోతే అక్కడి సూక్ష్మజీవుల సమాజం తలకిందులవుతుంది. పిండిపదార్థాన్ని పులియబెట్టే జీవులు విజృంభించి లాక్టిక్ ఆమ్లం పోగవుతుంది. మామూలుగా ఆరు, ఏడు మధ్య ఉండే పీహెచ్ అయిదుకు దిగుతుంది. నీరంతా కడుపులోకి లాగబడి ఒళ్లు ఎండిపోతుంది. మొదటి రోజే వంటసోడా, సెలైన్లు పడి ఉంటే, అవసరమైతే కడుపు కోసి ఆ అన్నం తీసేసి ఉంటే గేదె బతికేదేమో. ఇదంతా నాకు తెలుసు. పోషణ పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. కానీ మొదటి రోజు ఆ ప్రశ్న నా నోటికి రాలేదు. గేదె దక్కలేదు. ముసలమ్మ నన్నేమీ అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అప్పటి నుంచి ఏ కేసుకు వెళ్లినా థర్మామీటరు తీయకముందే గాడి చూస్తాను. గాడిలో ఏముంది, నీళ్ల తొట్టి ఎలా ఉంది, పేడ ఎలా ఉంది. సగం రోగ నిర్ధారణ అక్కడే దొరుకుతుంది.

ఇలాంటివి ఇంకెన్నో. జొన్న నాము తీసుకోండి. వాన లేక గిడసబారిన లేత జొన్న పైరు, కోసిన మొదళ్ల నుంచి లేచిన పిలకలు మేస్తే సైనైడ్ విషం పశువును నిమిషాల మీద పడేస్తుంది. విరుగుడు సూదిమందు ఉంది, వేళకు అందితే ప్రాణం లేచొస్తుంది. కానీ ఏ వయసు పైరు మేపకూడదో రైతుకు ముందే చెప్పగలిగితే ఆ సూది అవసరమే రాదు. గొర్రెల్లో చిటుక రోగం అంతే. తొలకరి చినుకులకు మొలిచిన లేత పచ్చికను ఆబగా మేసిన బలమైన గొర్రెలే ముందు పడిపోతాయి. వానలకు ముందే టీకా, మేపులో జాగ్రత్త. ఇది వైద్యమా, పెంపకమా? గొర్రెకు ఆ తేడా తెలియదు.

జున్నుపాల సంగతి మన వంటింటిది. ఆవు ఈనిందంటే వీధంతా జున్ను పంచడం మనకు ఆనందం. పైగా మాయ పడేదాకా దూడను తాగనివ్వని అలవాటు చాలా ఊళ్లలో ఉంది. మనిషి బిడ్డకు తల్లి గర్భంలోనే కొంత రక్షణ అందుతుంది. ఆవు మాయ నిర్మాణం వేరు, దూడకు గర్భంలో ఆ రక్షణ అందదు. జున్నుపాలే దానికి తొలి టీకా. పుట్టిన గంట రెండు గంటల్లో తాగాలి, మొదటి రోజున దూడ బరువులో పదో వంతు దాకా తాగాలి. గంటలు గడిచేకొద్దీ ఆ రక్షణను పీల్చుకునే శక్తి పేగుకు తగ్గిపోతుంది, ఒక రోజు దాటితే దాదాపు మిగలదు. మాయ కోసం కాచుకున్న ఆరేడు గంటలు దూడ ఆయుష్షులోంచి పోతాయి. ఈ ముక్క ఊళ్లో ఇంటింటికీ చేరితే దూడల వార్డులో మనకు పని తగ్గుతుంది.

ఒక్క లెక్క చెప్పి ఈ భాగం ముగిస్తాను. మందు మోతాదు బరువును బట్టి. మన ఊళ్లలో పశువును తూచే కాటా ఎక్కడుంది? ‘మూడొందల కిలోలు ఉంటుందిలే’ అని కంటి కొలతతో మందు వేస్తాం. దర్జీ టేపు ఒకటి జేబులో ఉంటే చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేసి, 660తో భాగించండి. చుట్టుకొలత 66, పొడవు 54 అయితే సుమారు 356 కిలోలు. మూడొందలు అనుకుని ఏలికపాముల మందు పోస్తే మోతాదు తగ్గుతుంది, పురుగు బతుకుతుంది, మందుకు అలవాటు పడుతుంది. ఈ లెక్కను మీరు మొదటి ఏడాదిలోనే పశు యాజమాన్యంలో చదువుతారు. మూడో ఏడాది క్లినిక్‌కు వచ్చేసరికి టేపు ఎవరి జేబులోనూ కనిపించదు.

కొన్ని అభ్యంతరాలు

అమెరికా పద్ధతిని ఆకాశానికెత్తడానికి నేను ఇక్కడ నిలబడలేదు. ఎనిమిదేళ్ల చదువు ఖరీదైనది, అక్కడి పిల్లలు నెత్తిన అప్పుతో బయటికొస్తారు. పాడి, పంది, కోడి చుట్టూ అల్లిన డిగ్రీ చదివి చివరికి కుక్కలకు, పిల్లులకు వైద్యం చేసేవాళ్లే అక్కడ ఎక్కువ. దరఖాస్తు పెట్టినవాళ్లందరికీ సీటు రాదు. కానీ రానివాళ్ల చేతిలో ఒక చదువు మిగులుతుంది. దాణా మిల్లుల్లో, కోళ్ల ఫారాల్లో, పశు ప్రజనన సంస్థల్లో, పాల పరిశ్రమలో, విస్తరణ సేవల్లో వాళ్లు నిలదొక్కుకుంటారు. మనకూ పశుసంవర్ధక పాలిటెక్నిక్‌ల డిప్లొమా ఉంది, తిరుపతిలో, కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ ఉంది. వాటిని సీటు రానివాళ్ల చదువుగా చూడడం మానాలి.

మన పిల్లలు అమెరికా వెళ్లి వృత్తి చేయాలంటే అక్కడి అర్హతా పరీక్షల మెట్లు ఎక్కాలి. చివరి మెట్టు చేతితో చేసి చూపించే పరీక్ష. అందులో శస్త్రచికిత్స, మత్తుమందుతోపాటు పాడి పశువుల విభాగం, గుర్రాల విభాగం కూడా ఉంటాయి. పశువు ముందు ఎలా నిలబడాలో, ఎలా పట్టాలో అక్కడ పుస్తకం కాపాడదు.

ఇంటికొస్తే, 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల్లో మొదటి స్థానం తెలంగాణది, దాదాపు 1.91 కోట్లు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, దాదాపు 1.76 కోట్లు. ఈ మందల్ని ఒక్కొక్క గొర్రె దగ్గరికీ సూది పట్టుకెళ్లి కాపాడలేం. మేత, నీరు, దొడ్డి, టీకా, ఎంపిక తెలిసిన డాక్టరు ఒక్క ఊళ్లో ఒక్క రోజు మాట్లాడితే ఏడాదంతా వేసే సూదులు తగ్గుతాయి.

మూడు మనవులు

పెద్దలకు రెండు మనవులు, పిల్లలకు ఒకటి.

మొదటిది. మొదటి ఏడాది విద్యార్థికి మన ఫారంలో ఒక పశువును పేరు పెట్టి అప్పగించండి. ఆరు నెలలు దాని మేత, పాలు, బరువు, ఎద, చూడి, పేడ వాడే రాసుకోవాలి. వార్షిక పరీక్షలో ఆ పుస్తకం మీద ప్రశ్నలు అడగండి. అమెరికా పిల్ల నాలుగేళ్లలో నేర్చే చూపులో సగమైనా ఆ ఆరు నెలల్లో వస్తుంది.

రెండోది. మన క్లినిక్ కేసు షీటులో మొదటి గడి ఉష్ణోగ్రతది. దాని పైన ఇంకో రెండు గడులు గీయించండి. గత మూడు రోజులు ఏం మేసింది, టేపు కొలత ప్రకారం బరువెంత. ఖర్చు ఏమీ లేదు, ఒక గీత అంతే. ఆ గడులు నా మొదటి ఏడాది కాగితం మీద ఉండి ఉంటే ఆ ముసలమ్మ గేదె సంగతి ఇక్కడ చెప్పాల్సి వచ్చేది కాదేమో.

మూడోది మీకు, వెనక వరసల్లో ఉన్నవాళ్లకు. సబ్జెక్టుల్లో పెద్ద చిన్న చూడకండి. పోషణ, యాజమాన్యం, ప్రజననం పాసై వదిలేసే పేపర్లు కావు. మీరు రేపు పెట్టే ప్రతి సూదికి ముందు అడగాల్సిన ప్రశ్నలన్నీ వాటిలోనే ఉన్నాయి. రైతు “డాక్టరు గారూ, గొడ్డు నెమరు వేయట్లేదు” అని వచ్చినప్పుడు, నెమరు వేసే ఆవు ఎలా ఉంటుందో మీ కళ్లకు కట్టాలి.

మన ఫారంలో పాలు పితికేది తెల్లవారి అయిదు గంటలకు. రేపు వెళ్లండి. ఒక నోటు పుస్తకం, పెన్సిలు పట్టుకెళ్లండి. స్టెతస్కోపు ఇంకా అక్కర్లేదు.